వర్చువల్ టేబుల్‌టాప్‌పై పాత్రపోషణ క్రీడ: గోప్యత, బహిరంగత, భాష

వ్యాససంగ్రహం: ఒకే బల్ల చుట్టూ కూర్చొని ఆడే పాత్రపోషణ క్రీడ అంతర్జాలంలోకి వచ్చినప్పుడు పటమూ, పావులూ, పాచికలూ తెర మీదికి చేరుతాయి. ఆటగాళ్ల మధ్య నమ్మకం మాత్రం దానంతటది చేరదు. దేన్ని దాచాలి, దేన్ని అందరికీ చూపాలి అన్న నిర్ణయమే ఈ క్రీడానిర్వహణకు కీలకమని, నియమాల భాష కూడా ఆ నిర్ణయంలో భాగమేనని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: పాత్రపోషణ క్రీడ, వర్చువల్ టేబుల్‌టాప్, పాచికలు, సంభావ్యత, పరిభాష.

1. ఉపోద్ఘాతం

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి చేరువలోని సీతాఫల్‌మండి, తార్నాక ప్రాంతాలు చిరకాలంగా విద్యార్థుల నివాసస్థానాలు. చదువు ముగిశాక ఇటువంటి చోట్ల ఏర్పడిన మిత్రబృందాలు సహజంగానే చెదరిపోతాయి. ఒకరు హైదరాబాదులో, మరొకరు బెంగళూరులో, ఇంకొకరు అమెరికా తూర్పుతీరంలో ఉన్నా వారానికొకసారి కలిసి ఆడుకునే వీలును వర్చువల్ టేబుల్‌టాప్ సాఫ్ట్‌వేర్ కల్పిస్తుంది. హైదరాబాదులో రాత్రి 8 గంటలైతే అమెరికా తూర్పుతీరంలో వేసవిలో ఉదయం 10:30, చలికాలంలో 9:30 అవుతుంది. వేళ కుదరడం తేలిక. ఒకరి చేతులు ఒకరికి కనిపించని చోట ఆటపై నమ్మకం కుదరడమే కష్టం.

2. క్రీడాస్వరూపం

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో వెలువడింది. పాత్రపోషణ క్రీడల ప్రచురణకు అదే నాంది. ఇందులో ఒకరు నిర్వాహకులు. వారు కథాస్థలాన్ని వర్ణిస్తారు, శత్రువులకూ ఇతర పాత్రలకూ గొంతునిస్తారు, నియమాలను అన్వయిస్తారు. మిగిలినవారు తలా ఒక పాత్రను ధరించి, అది ఏం చేస్తుందో చెబుతారు. ఫలితం అనిశ్చితమైనప్పుడు పాచిక నిర్ణయిస్తుంది.

తెలుగువారికి ఈ అనిశ్చితి కొత్త కాదు. అవధానంలోని నిషేధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరాన్ని నిషేధించిన ప్రతిసారీ పద్యం దారి మార్చుకుంటుంది. అది ఎక్కడ తేలుతుందో ఇద్దరికీ ముందుగా తెలియదు. అయితే అక్కడ అడ్డు తగిలేది మనిషి, ఇక్కడ పాచిక.

3. తెర మీది బల్ల

‘ఫాంటసీ గ్రౌండ్స్’ 2004లో, ‘రోల్20’ 2012లో, ‘ఫౌండ్రీ’ 2020లో అందుబాటులోకి వచ్చాయి. వీటన్నిటిలోనూ పటం, పాత్రలను సూచించే పావులు, పాత్రల వివరపత్రాలు, పాచికలు, సంభాషణపట్టిక ఉంటాయి. రోల్20 ఆ సంస్థ సర్వర్లపై నడుస్తుంది. బ్రౌజర్ ఉంటే చాలు. ఫౌండ్రీని నిర్వాహకుడు ఒకసారి కొనుక్కొని తన కంప్యూటరుపై గాని, అద్దె సర్వరుపై గాని నడపాలి. ఆటగాళ్లు విడిగా కొననక్కరలేదు. ఇంటి నుంచి నడిపేటప్పుడు ఒక చిక్కు ఎదురుకావచ్చు. కొన్ని బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో ఒకే పబ్లిక్ ఐపీ చిరునామాను పలువురు చందాదారులు పంచుకుంటారు. అటువంటప్పుడు బయటివారు నిర్వాహకుడి యంత్రాన్ని నేరుగా చేరలేరు. అద్దె సర్వరు అవసరమవుతుంది.

మాట ఆలస్యంగా చేరడం మరో ఇబ్బంది. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు కనుసైగతో తేలిపోయే ‘తరువాత ఎవరు?’ అన్న ప్రశ్న తెర మీద ఇద్దరి మాటలు కలగాపులగమయ్యేదాకా తేలదు. అందువల్ల పోరాటంలోనే కాక, సంభాషణ ఘట్టాల్లోనూ వంతుల పట్టికను తెరపై ఉంచడం మేలు.

4. దాచవలసినవి

పాత్ర చూడనిదాన్ని ఆటగాడు చూస్తే ఉత్కంఠ పోతుంది. అందుకే సాఫ్ట్‌వేర్ పటంపై మరుగును కప్పుతుంది. నిర్వాహకుడు గోడలను, తలుపులను ముందుగా గీసి పెడితే, ప్రతి పావు ఎంత మేర చూడగలదో యంత్రమే లెక్కిస్తుంది. దివిటీ పట్టిన పాత్రకు కనిపించిన గది చీకటిలో ఉన్న పాత్రకు కనిపించదు.

కొన్ని పాచికలను కూడా దాచవలసి ఉంటుంది. గదిలో ఉచ్చు ఉందేమోనని వెతికే ఆటగాడు 2 పడటం చూస్తే, తన వెదుకులాట విఫలమైందని గ్రహించి మళ్లీ వెతుకుతానంటాడు. పాత్రకు ఆ సంగతి తెలిసే అవకాశం లేదు. ఇటువంటి సందర్భానికి ఫౌండ్రీలో, ఆటగాడు వేసిన పాచిక ఫలితం నిర్వాహకుడికి మాత్రమే కనిపించే ఏర్పాటుంది.

5. దాచకూడనివి

తెలుగులో ‘పాచిక పారింది’ అంటే ఎత్తు ఫలించిందని అర్థం. యాదృచ్ఛికతకూ పన్నాగానికీ ఒకే మాట వాడే భాషలో పాచికపై అనుమానం సహజమే. మహాభారత సభాపర్వంలో దుర్యోధనుడు పణం ఒడ్డితే పాచికలు వేసినవాడు శకుని. ఒకరి తరఫున మరొకరు ఆడటం సరికాదని ధర్మరాజు ఆక్షేపించి కూడా ఆడాడు, అనర్థం సంభవించింది. ఆట మొదలయ్యాక అభ్యంతరాలకు విలువ ఉండదు. కనుక ఏ పాచికలు బహిరంగం, ఏవి గోప్యం అన్నది తొలి సమావేశంలోనే నిర్ణయించుకోవాలి. పాత్ర ప్రాణాలు ఆధారపడిన పాచిక బహిరంగంగా పడటమే న్యాయం. సంభాషణపట్టికలో ప్రతి ఫలితమూ నమోదవుతుంది కాబట్టి వివాదం వస్తే వెనక్కి వెళ్లి చూడవచ్చు.

అయినా ‘సాఫ్ట్‌వేర్ నాకు పెద్ద అంకెలు ఇవ్వడం లేదు’ అన్న ఫిర్యాదు వస్తుంది. దానికి లెక్కే సమాధానం. ఇరవై ముఖాల పాచికలో ప్రతి అంకెకూ 5 శాతం అవకాశం. లక్ష్యం 15, పాత్ర నైపుణ్యానికి అదనంగా 5 చేరుతుందనుకుంటే 10 నుంచి 20 వరకు ఏది పడినా చాలు. అంటే 55 శాతం. అదే పాచికను 20 సార్లు వేసినా 20 ఒక్కసారీ పడకపోయే అవకాశం సుమారు 36 శాతం. దాదాపు మూడింట ఒక వంతు సందర్భాల్లో జరిగేదాన్ని మోసమనలేం. అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను లెక్కగట్టి చెప్పి, నలుడికి అక్షహృదయాన్ని ఉపదేశిస్తాడు. పాచికతో ఓడినవాడు పాచిక లెక్క తెలుసుకున్నాకే తేరుకున్నాడు.

6. నియమాల భాష

పటం తెరిచి, పాచికలు బహిరంగంగా వేసినా నియమాలు అర్థంకాని ఆటగాడికి ఆట మరుగుననే ఉంటుంది. మాటలన్నీ తెలుగులో సాగుతున్నా, వివరపత్రం ఆంగ్లంలో ఉంటే, ఆంగ్లం ధారాళంగా చదవగలవారే ఇతరుల తరఫున నిర్ణయాలు చెప్పడం మొదలుపెడతారు. ఒకరి పాచిక మరొకరు వేసినంత పని ఇది.

సాంకేతికంగా పెద్ద అడ్డంకి లేదు. 1991 నాటి తొలి సంచిక నుంచే యూనికోడ్‌లో తెలుగు లిపికి స్థానముంది. పేర్లు, వర్ణనలు, నియమాలు తెలుగులో రాసుకోవచ్చు. పాచికల ఆజ్ఞలు మాత్రం రోమన్ లిపిలో ఉండాలి. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మౌలిక నియమపత్రం 5.1ను విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 లైసెన్సు కింద విడుదల చేసింది. మూలాన్ని పేర్కొంటే ఎవరైనా అనువదించి ప్రచురించవచ్చు. కావలసింది పరిభాష.

పరిభాషాకల్పనలో ఉస్మానియాకు ఒక పూర్వానుభవముంది. 1918లో ఉర్దూ బోధనభాషగా ఆ విశ్వవిద్యాలయం ఏర్పడటానికి ముందే, 1917లో అనువాదసంస్థను నెలకొల్పి శాస్త్రపదాలను సిద్ధం చేశారు. ఆట వంటి వ్యావహారిక రంగానికి మాత్రం ఇప్పటికే నోటనున్న పదాలే మేలు. అష్టాచెమ్మా ఆడేవారు గవ్వలు ‘పందెం’ వేస్తారు, ‘వంతు’ కోసం ఎదురుచూస్తారు. ‘ఇనీషియేటివ్’ను ‘వంతు క్రమం’ అని, ‘హిట్ పాయింట్ల’ను ‘ప్రాణబలం’ అని, ఆపద తప్పించుకోవడానికి వేసే ‘సేవింగ్ త్రో’ను ‘గండపు పందెం’ అని వ్యవహరిస్తే కొత్త ఆటగాడికి వివరణ అక్కరలేదు.

7. ముగింపు

పటంలోని మరుగు కథ కోసం. అది ఆటగాళ్లందరూ ఒప్పుకున్న గోప్యత. పాచికల చుట్టూ, నియమాల చుట్టూ అలుముకున్న మరుగును ఎవరూ ఒప్పుకోలేదు. మొదటిదాన్ని సాఫ్ట్‌వేర్ సమర్థంగా నిర్వహిస్తుంది. రెండవదాన్ని తొలగించే బాధ్యత నిర్వాహకుడిది. తొలి సమావేశంలో పాచికల ఒప్పందం, తెలుగులో ఒక పుట నియమపత్రం, తెరపై వంతుల పట్టిక సిద్ధం చేసుకుంటే, దూరాన ఉన్న మిత్రుడు ప్రేక్షకుడిగా మిగిలిపోకుండా తన పందెం తానే వేయగలుగుతాడు.