ఉగాది నుంచి ఉగాదికి మన పుస్తకాలు



కొత్త సంవత్సరం వస్తోందంటే పిల్లల ఫీజులకీ, పెళ్ళిళ్ళకీ, ఊరగాయలకీ లెక్కలు వేసుకుంటాం. ఈ ఏడాది ఏయే పుస్తకాలు చదవాలని లెక్క వేసుకునేవారు తక్కువ. వేసుకున్నవారిలో కూడా కొందరు భారతం పద్దెనిమిది పర్వాలూ రాసుకుని, ఆదిపర్వం సగంలో ఆగిపోతారు.

అందుకని ముందు మన తీరికను కొలుచుకోవాలి. రోజుకు 10 పేజీలు చదివితే ఏడాదికి 3,650 పేజీలు. అంటే 200 పేజీల పుస్తకాలు 18. పండుగలు, జ్వరాలు, చుట్టాలు, కోతలు పోగా అందులో సగం మిగిలితే గొప్ప. కాబట్టి 9 రాసుకోండి.

సరిహద్దుకు ఇవతల ఉన్న మనకు మరో లెక్క కూడా ఉంది. హోసూరు, బళ్ళారి, బరంపురం, షోలాపూరు ఇళ్ళలో చాలాచోట్ల తెలుగు మాట ఉంది, తెలుగు రాత లేదు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో 1వ తరగతి మొదలుకొని ఏటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి అయింది. ఉన్న చోటి భాష బాగా రావాలి, అందులో సందేహం లేదు. కాని బడిలో తెలుగు అందని పిల్లలకు ఇంట్లోనైనా అక్షరాలు పట్టుబడకపోతే, తాతగారు రాసిన ఉత్తరం పరాయివాళ్ళ చేత చదివించుకోవలసి వస్తుంది. అందుచేత ఆ తొమ్మిదింటిలో ఒకటి పైకి చదివే పుస్తకం కావాలి.

దానికి నేను సత్యం శంకరమంచి గారి 'అమరావతి కథలు' చెబుతాను. 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి పొందిన పుస్తకం. చిన్న చిన్న కథలు, మొత్తం 100. వారానికి రెండు చదివితే 50 వారాలు. మిగిలిన రెండు వారాలు పరీక్షలకు వదిలేయండి. పెద్దవాళ్ళు ముందుగా చూసుకుని, పిల్లలకు తగదనుకున్న కథను తాము చదువుకోవచ్చు.

మొదట్లో మీరే చదవండి. పిల్లవాడు పక్కన కూర్చుని చూస్తే చాలు. కొన్నాళ్ళకు మొదటి వాక్యం వాడి చేత చదివించండి. కన్నడం చదివే పిల్లలకు ఇది సులువు. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు, తలకట్టు దగ్గర కాస్త తేడా. ఒడియా, మరాఠీ చదివేవారికి అక్షరాల వరస తెలిసినదే, రూపాలే కొత్త. తమిళం చదివే పిల్లలు మాత్రం తడబడతారు. క, ఖ, గ, ఘ నాలుగింటికీ అక్కడ ఒకే అక్షరం కదా! కోప్పడకండి.

ఇక మిగిలిన ఎనిమిదింటిలో మన చుట్టుపక్కలవి రెండైనా ఉండాలి. స.వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' పులికాటు సరస్సు ప్రాంతపు తెలుగు. అందులో కొన్ని మాటలు హైదరాబాదు వారికి అర్థం కాకపోవచ్చు, తిరువళ్ళూరు వైపు వారికి మాత్రం తమ అవ్వ మాట్లాడినట్టే ఉంటుంది. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ గారు తమిళంలోనే రాశారు. తెలుగు కుటుంబాలు నల్లరేగడి నేలకు వలసవచ్చి ఊరు కట్టుకున్న కథ ఆయన 'గోపల్ల గ్రామం'. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తమిళం వచ్చినవారు తమిళంలోనే చదవండి. తెలుగు పట్టికలో తమిళ పుస్తకమా అనేవారితో నేను ఏకీభవించను.

పర్లాకిమిడి, బరంపురం వైపు వారికి గురజాడ వారి 'కన్యాశుల్కం' ఉండనే ఉంది. 1897లో అచ్చయిన నాటకం. నలుగురూ తలా ఒక పాత్ర పంచుకుని చదివితే, గిరీశం ఎవరన్న దాని మీదే మొదటి పోట్లాట వస్తుంది.

పాత పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. కొత్తవి పోస్టులో తెప్పించుకోవచ్చు.

పట్టికను పంచాంగం అట్ట లోపల రాసి, పూర్తయినదాని ఎదుట తేదీ వేయండి. దసరా నాటికి నాలుగు కాకపోతే తొమ్మిదిని ఆరు చేసుకోండి. పైకి చదివే పుస్తకాన్ని మాత్రం కొట్టివేయకండి.