అపరాధ పరిశోధక కథానికా నియమములు – బొగ్గుగనుల సీమయందు వాని పరీక్ష

అపరాధ పరిశోధక కథను కేవల కాలక్షేపముగా నెంచి పండితలోకము చిరకాలము దూరముగా నుంచినది. కాని లక్షణదృష్టితో పరిశీలించినచో, ఇంతటి కఠిన నియమబంధముగల గద్యప్రక్రియ అరుదని తోచకమానదు. ఆ నియమము లెవ్వి, అవి యేల పుట్టినవి, సింగరేణి బొగ్గుగనుల సీమవంటి చోట అవి యెంతవరకు నిలుచును అను మూడు విషయము లిచ్చట విచారింపబడుచున్నవి.

ఈ ప్రక్రియకు ఆద్యుడుగా అమెరికా దేశీయుడగు ఎడ్గారు ఆలన్ పో పరిగణింపబడుచున్నాడు. అతని ‘మోర్గు వీథి హత్యలు’ 1841వ సంవత్సరమున వెలువడినది. పిమ్మట 1891 మొదలు లండనునందలి స్ట్రాండు పత్రికలో ఆర్థరు కోనన్ డాయిలు ప్రకటించిన షెర్లాకు హోమ్సు కథానికలు ఆ మార్గమును రాజమార్గము గావించినవి.

ఇట్టి కథయందు నిజముగా రెండు కథలు గలవు. ఒకటి అపరాధకథ, అది గ్రంథారంభమునకు ముందే ముగిసి మఱుగుపడి యుండును. రెండవది పరిశోధనకథ; పాఠకునకు కనబడునది యిదియే. కావున ఇందు నడక కారణమునుండి కార్యమునకు గాక, కార్యమునుండి కారణమునకు సాగును. న్యాయశాస్త్ర పరిచయము గలవారి కిది క్రొత్త గాదు. ఏటికి వఱద వచ్చుట చూచి ఎగువను వాన కురిసెనని యెఱుగుటను వాత్స్యాయనుడు శేషవదనుమానమునకు ఉదాహరణముగా జూపెను. సంభావ్యములైన వానిని ఒక్కొక్కటిగా తొలగించి, మిగిలినదానిని గ్రహించు పరిశేషవిధానమును గూడ ఆ భాష్యకారుడు శేషవత్తునకే మఱియొక యర్థముగా జెప్పెను. పరిశోధకుని బుద్ధి యీ రెండు చక్రములమీదనే నడచును.

ఇక నియమములు. మొదటిది సహచరుడు. డూపాకు పేరులేని మిత్రుడొకడు, హోమ్సునకు వాట్సను కలరు. వారే కథకులు. పరిశోధకుడే కథ చెప్పినచో తన యూహను దాచుట కపటమగును. దాచకున్నచో కథ మొదటి పుటలోనే ముగియును. చూచినదంతయు చెప్పగలిగి, దాని యర్థము మాత్ర మెఱుగని సజ్జనుడు కథకు డైనపుడే యీ చిక్కు తొలగును. సహచరు డలంకారము గాడు, ఆవశ్యకత.

రెండవది ఆనవాలును కన్నులయెదుటనే యుంచుట. పో రచించిన ‘దొంగిలింపబడిన లేఖ’ (1844) యందు పోలీసులు ఇల్లంతయు శోధించియు గానలేని జాబు అందఱికి కనబడు చోటనే యుండెను. డాయిలు రచించిన ‘సిల్వరు బ్లేజు’ (1892) నందు రాత్రి కుక్క మొఱుగకపోవుటయే యానవాలు. అశ్వశాలలోనికి వచ్చినవాడు దానికి పరిచితుడని యందువలన దేలును. జరిగినదానినే గాక జరుగనిదానిని గూడ లెక్కించుట యిందలి విశేషము.

మూడవది పరిమితస్థలము. లోపల గడియవేసిన గదిలో హత్య జరుగుట ‘మోర్గు వీథి’ మొదలు డాయిలు రచించిన ‘చుక్కల పట్టె’ (1892) వఱకు కనబడును. స్థలము మూసివేయబడినపుడే పరిశేషానుమానమునకు పట్టు చిక్కును.

నాలుగవది శంకింపదగని మనుష్యుడు. చెస్టర్టను రచించిన ‘అదృశ్యమానవుడు’ అను కథానిక (1911 నాటి సంపుటమునందలిది) దీనికి ఉత్తమోదాహరణము. ఇంటిలోని కెవ్వరును పోలేదని కావలివా రందఱును నిజముగానే చెప్పుదురు. పోయినవాడు తపాలా బంట్రోతు. ప్రతిదినము కనబడువాడు గావున అతనిని వారు మనుష్యులలో లెక్కింపలేదు.

అయిదవది తుదివివరణము. పాఠకుడు చూచిన యానవాళ్లనుండియే సమాధానము పుట్టవలెను. 1928లో వాన్ డైను ఇరువది సూత్రములను, 1929లో రోనాల్డు నాక్సు పది సూత్రములను కూర్చిరి. వాని సారమంతయు న్యాయవర్తన మను నొక్కమాటలో నిముడును: పరిశోధకు డెఱిగినది పాఠకునకును తెలియవలెను.

ఈ న్యాయవర్తనము మన కథాసంప్రదాయమున లేనిది గాదు. బేతాళుడు సంగతు లన్నియు విక్రమార్కునకు విన్నవించి, దాచక, పిమ్మటనే ప్రశ్న వేయును. భేద మొక్కటియే. పాశ్చాత్యకథ “ఎవడు చేసెను?” అని యడుగును, బేతాళుడు “దోష మెవ్వరిది?” అని యడుగును. మొదటిది వస్తుప్రశ్న, రెండవది ధర్మప్రశ్న.

తెలుగున ఈ ప్రక్రియ ఇరువదవ శతాబ్ది ప్రథమభాగమున వంగభాషనుండి, విశేషించి పాంచకడి దే నవలల యనువాదములచే, ప్రవేశించెను. స్వాతంత్ర్యానంతరము కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధరుడును అతని సహాయుడు రాజును ఇంటింటి పేరులైరి. సహచర నియమము వీరియందు స్పష్టముగా గాననగును. అయిన నీ వ్యాప్తి ప్రధానముగా నవలవలన గలిగినది. అద్దెపుస్తకముల దుకాణములే దానికి ఆలంబనములు. నగరజీవనమే దానికి రంగము.

ఇట్టి నియమములను నగరమునుండి తొలగించి గనుల సీమయందు నిలిపి చూచుట వాని బలాబలముల నెఱుగుటకు మంచి యుపాయము. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియము కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీసు కంపెనీ యేర్పడెను. గోదావరితీరమున రామగుండము చెంత 1960 ప్రాంతమున గనులు వెలసి గోదావరిఖని పట్టణ మేర్పడినది. అచ్చటి శ్రామికులు గనిని బాయి యందురు. పరిమితస్థల మను నియమమునకు బొగ్గుబాయిని మించిన యునికిపట్టు లేదు. దిగువాడు మస్టరు పడవలెను. దీపపు గదిలో తన దీపము పుచ్చుకొనవలెను. భూమిక్రింద నే క్షణమున నెవరెవ రున్నారో తెలియునట్లు పట్టిక యుంచవలెనని 1952 నాటి గనుల చట్టము విధించెను. లండను కథకుడు కష్టపడి కల్పించుకొను మూతగది యిచ్చట నిత్యకృత్యము. చెస్టర్టను చూపిన యదృశ్యమానవుడును ఇచ్చట దొరకును: పట్టికలో పేరుండియు చూపున కానని కాంట్రాక్టు కూలి యట్టివాడే.

కాని రెండు నియమము లిచ్చట సంకటమున పడును. మొదటిది పరిశోధకుని తటస్థత. దీనిని డాయిలే యెఱిగియుండెను. అతని ‘భయలోయ’ (1914–15) నవల యుత్తరార్ధము అమెరికా బొగ్గుసీమలో జరుగును. అందు పరిశోధకుడు పింకర్టను సంస్థవాడు. మాఱుపేరుతో కార్మికుల సంఘమున జేరిన చారుడు. దానికి మూలము పెన్సిల్వేనియా గనులలో ‘మాలీ మగ్వైరు’లపై జరిగిన నేరవిచారణలు. వానిలో నొకదానివెంట నొకటిగా ఇరువదిమంది ఉరితీయబడిరి. 1877 జూన్ 21వ తేదీ నొక్కనాడే పదిమంది. పింకర్టను చారుని నియోగించిన రైల్వే, బొగ్గు వ్యాపారముల యధ్యక్షుడు ఫ్రాంక్లిను గోవెనే న్యాయస్థానమున ప్రాసిక్యూషను పక్షమున వాదించెను. వేతన మిచ్చువాడే వాదియైనచోట పరిశోధకుని తటస్థుడని యెట్లు నమ్మవలెను? నగరకథలో నీ ప్రశ్న పుట్టదు, గనిసీమలో తప్పదు.

రెండవది ఏకదోషి నియమము. కథానిక కొక్క హంతకుడు కావలెను. గనియందు మృత్యువు పెక్కుమార్లు హంతకుడు లేకయే వచ్చును. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు పొరలి 17 మంది మరణించిరి. అదే సంవత్సరము అక్టోబరు 16న 8ఎ గనిలో పైకప్పు కూలి 10 మంది మరణించిరి. ఇట్టి యెడల ఇనస్పెక్టరు వచ్చి చూచువఱకు ప్రమాదస్థలమును కదల్పరాదని పైని చెప్పిన చట్టము శాసించెను. డెబ్బదిరెండు గంటలలో నతడు చూడకున్నచో అచ్చట పని మరల సాగించుటకు సడలింపు నిచ్చెను. ఆనవాలు చెదరరాదను పరిశోధకనియమమే యిది. అయిన నిచ్చట విచారణ కారణపరంపరను వెదకును: నీ రెచ్చటినుండి వచ్చెను, ఎప్పటి పటము నమ్మబడెను, ఎవరు హెచ్చరించిరి, ఎవరు వినిరి. ఒక్కని చేయి చూపి ముగించు తుదివివరణ మిచ్చట సత్యమునకు చాలదు.

కథాసరిత్సాగరమునందలి బేతాళకథలలో నొక్కటి యిట స్మరణీయము. హరిస్వామి యను బ్రాహ్మణు డొక గృహిణి పెట్టిన యన్నమును చెట్టుక్రింద నుంచెను. పైనుండి గ్రద్ద యొక పామును గొనిపోవుచుండ, దాని విషము అన్నమున పడెను. అతడు తిని మరణించెను. గృహస్థు భార్యయే విషము పెట్టినదని తలచి యామెను వెడలగొట్టెను. దోష మెవ్వరిది? పాము పరవశము, గ్రద్ద తన యాహారమును తాను గొనుచుండెను, దంపతులు దానము చేసిరి. ఆలోచింపక వీరిలో నొకరిని దోషి యనువాడే దోషి యని రాజు తీర్పు. ‘చుక్కల పట్టె’లోని పామును మనుష్యుడు ప్రయోగించెను, ఈ పామును ఎవ్వరును ప్రయోగింపలేదు. ఇది మన వాఙ్మయమున హంతకుడు లేని విషమరణకథ.

ఇంతమాత్రమున పాశ్చాత్యకథానిక గనిసీమకు పనికిరాదనుట తొందరపాటు. ఈ ప్రక్రియకు మొదటిదైన ‘మోర్గు వీథి’లోనే హంతకుడు మనుష్యుడు గాడు, ఒరాంగుటాన్ అను పెద్దకోతి. ‘సిల్వరు బ్లేజు’లో చంపినది గుఱ్ఱము. డూపా పరిశోధనకు ఫలము దోషి శిక్ష కాదు. పోలీసులు పట్టియుంచిన లె బాన్ అను నిర్దోషి విడుదల. మృచ్ఛకటికయందు చారుదత్తుడు వధ్యస్థానమునుండి తప్పించుకొనుటయు నీ జాతి ఫలమే.

కావున నియమములలో నిత్యము లెవ్వి, ఆగంతుకము లెవ్వి యను వివేచన యిట్లు తేలుచున్నది. సహచరుడు, మూతగది, ఏకదోషి యనునవి ఆయా రంగములను బట్టి మాఱవచ్చును. ఆనవాలును చెఱపకుండుట, చూచినదానిని దాచకుండుట, అనుమానమునకు లోనైన నిర్దోషిని విడిపించుట యనునవి మాఱరానివి. గృహస్థు ఆనవాలు వెదకియున్నచో చెట్టుపైని గ్రద్ద కనబడియుండెడిది. ఇల్లాలు వీథిపాలు కాకుండెడిది. బాయిలో మరణించినవాడు తన పక్షమున తాను చెప్పుకొనలేడు. పొరపాటు వానిదే యనుట అందఱికన్న సులువు గలవారి కెల్లపుడును సులువే. ఆ సులువును అడ్డగించుటకే యీ నియమములు పుట్టినవని గ్రహించినచో, ఈ ప్రక్రియ బాలుర కాలక్షేపముకన్న గొప్పదని యొప్పుకొనవలసి యుండును.