మీకు తెలుసా? గడ్డలు రెండున్నా రొమ్ము దక్కవచ్చు

ఒకే రొమ్ములో రెండు చోట్ల క్యాన్సర్ గడ్డలు కనిపిస్తే రొమ్మంతా తీసేయాల్సిందేనని ఏళ్ల తరబడి చెప్పేవారు. గడ్డలు ఒకే భాగంలో ఉంటే మల్టీఫోకల్, వేర్వేరు భాగాల్లో ఉంటే మల్టీసెంట్రిక్ అంటారు.

అమెరికాలో మాయో క్లినిక్ సర్జన్ నాయకత్వంలో పలు ఆసుపత్రులు కలిసి చేసిన అధ్యయనం ఈ మాటను మళ్లీ ఆలోచించేలా చేసింది. 40 ఏళ్లు, ఆ పైబడిన 204 మంది మహిళలకు రెండు లేదా మూడు గడ్డలను తీసి, అంచుల్లో క్యాన్సర్ మిగల్లేదని తేల్చుకుని, రొమ్మంతటికీ రేడియేషన్ ఇచ్చారు. 2023లో ఫలితాలు అచ్చయ్యాయి: ఐదేళ్లలో అదే వైపు తిరగబెట్టింది 3.1 శాతం మందికే. ఎంత ఊరట!

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఆపరేషన్‌కు ముందు ఎంఆర్ఐ తీయించుకున్న వారిలో తిరగబెట్టిన రేటు 1.7 శాతం, తీయించుకోని 15 మందిలో 22.6 శాతం. 15 మంది చిన్న సంఖ్యే, అయినా ఎంఆర్ఐ గురించి సర్జన్‌ను తప్పక అడగండి. రొమ్ము పరిమాణంతో పోలిస్తే గడ్డలు మరీ పెద్దవైనా, రేడియేషన్ కుదరకపోయినా ఈ దారి నప్పదు.