మీకు తెలుసా? లినక్స్‌లో అడ్మిన్ ఖాతా అయిన రూట్‌కి అన్ని హక్కులూ ఉన్నా, తెర మీద నేరుగా చిన్న మెసేజ్ కూడా చూపించలేదు!

బ్యాకప్ అయిపోగానే తెర మూలన ఒక మాట కనిపిస్తే బాగుంటుందని, వెనకాల సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో ఒక సర్వీస్ రాసి, అందులో నోటిఫికేషన్ పంపే నోటిఫై-సెండ్ కమాండ్ పెడతాం. టెర్మినల్లో చక్కగా పనిచేసిన కమాండే అక్కడ ఉలకదు, పలకదు. లాగ్ తెరిస్తే, డీ-బస్‌కి కనెక్ట్ కాలేకపోయానని ఒక ఎర్రర్.

ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారే డీ-బస్. లినక్స్‌లో అది రెండు రకాలు. సిస్టమ్ బస్ మెషీన్ మొత్తానికీ ఒకటే. సెషన్ బస్ లాగిన్ అయిన ఒక్కో యూజర్‌కీ విడివిడిగా ఉంటుంది. నోటిఫికేషన్లు వెళ్లేది ఈ రెండో దారినే. వాటిని తెర మీద గీసేది గ్నోమ్ షెల్ లాంటి యూజర్ ప్రోగ్రామ్. రూట్ పేరుతో నడిచే సర్వీస్‌కి ఆ బస్ చిరునామా తెలియదు. పైగా అసలు ఎవరూ లాగిన్ కాకపోతే చూపించడానికి తెర ఎక్కడిది?

సాధారణంగా ఆ చిరునామా ‘రన్’ డైరెక్టరీలోని ‘యూజర్’ ఫోల్డర్‌లో, యూజర్ నంబరు కింద ‘బస్’ అనే సాకెట్‌గా ఉంటుంది. ఉబుంటులో మొదటి యూజర్ నంబరు మామూలుగా 1000. సర్వీస్ ఆ యూజర్‌గా మారి, ఈ చిరునామాను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఇస్తే మెసేజ్ వచ్చేస్తుంది. రూట్ అవసరం లేని పనైతే మాత్రం ఇంత తిప్పలెందుకు, దాన్ని యూజర్ సర్వీస్‌గానే రాసుకోవడం మేలు.