ఎడారి చలికాలానికి తేలికైన గుడారం

కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువారు ఎందరో ఉన్న కువైట్‌లో, సాధారణంగా నవంబరు నడిమి నుంచి మార్చి నడిమి వరకు ఎడారిలో గుడారాలు వేసుకునే కాలం నడుస్తుంది. ఎడారి సంచారులైన బెదూయిన్లు మేక వెంట్రుకలతో నేసిన నల్లని గుడారాలు ఒంటెలపై మోయదగినవి కాగా, వీపున సంచితో నడిచేవారికి బరువే మొదటి లెక్క.

ఇద్దరికి సరిపడే గుడారం రెండు కిలోల లోపు ఉంటే ధర బాగా పెరుగుతుంది కనుక, రెండున్నర కిలోల వరకు ఒప్పుకుంటే పొదుపు. గుడ్డ మందాన్ని సూచించే డెనియర్ అంటే 9,000 మీటర్ల నూలుపోగు గ్రాముల్లో తూగే బరువు. ఆ అంకె తగ్గేకొద్దీ గుడ్డ తేలికవుతుంది గానీ త్వరగా చిరుగుతుంది. ఎండను నైలాన్ కన్నా పాలిస్టర్ మెరుగ్గా తట్టుకుంటుంది. ఫైబర్‌గ్లాస్ కడ్డీలు చవకైనా బరువు, పైగా పగుళ్లిస్తాయి, అల్యూమినియంవి తేలిక.

లోపలి గోడలన్నీ దోమతెరతోనే ఉంటే సన్నని ఇసుక లోపలికి చేరుతుంది కాబట్టి, కింద గుడ్డ, పైన మాత్రమే తెర ఉన్నది మేలు. వదులు ఇసుకలో సన్నని మేకులు నిలవవు. చిన్న సంచిని ఇసుకతో నింపి, దానికి తాడు కట్టి, మోచేతి లోతున పూడ్చిపెడితే గాలికి గుడారం కదలదు. ఎంత చలి వేసినా గుడారం లోపల బొగ్గుల కుంపటి పెట్టరాదు. దాని నుంచి వెలువడే, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువు నిద్రలోనే ప్రాణం తీయగలదు.