పట్టికలో పేరు

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారునకు దక్షిణమున లాల్‌దర్వాజా యను పేట కలదు. ఆషాఢమాసమున అచ్చటి సింహవాహినీ మహంకాళి దేవాలయమున జరుగు బోనాల జాతరను చూచుటకు నగరము నలుమూలలనుండి జనులు వత్తురు. పసుపు పూసి, వేపరెమ్మలు కట్టి, పైన దీపముంచిన బోనపు కుండలను తలపై నిడుకొని స్త్రీలు బారులు తీరి నడతురు. ఇంటిల్లిపాదికి ఆరోగ్యము నిమ్మని అమ్మవారిని వేడుకొందురు.

ఆ పేటలోని యొక సందులో ఇంటర్మీడియట్ చదువుచున్న విద్యార్థిని యొకతె యుండెను. ఆమె మేనమామ చీరల దుకాణమున గుమాస్తా. లెక్కలలో పైస తప్పనివాడు. మేనకోడలికి ఎక్కములు నేర్పినవాడు. అట్టివాడు ఒక యేడు క్రమముగా నిద్రకు దూరమయ్యెను. తినుట తగ్గించెను, మాటాడుట మానెను. దుకాణమునకు పోక గోడవైపు మొగము త్రిప్పుకొని పండుకొనెడివాడు. ఇంటివారు ఆయనను ప్రభుత్వ చికిత్సాలయమునకు కొనిపోయిరి. వైద్యుడు పరీక్షించి మందు లిచ్చెను. కొంత గుణము కనబడుచుండగా ఎవరో వచ్చి, బజారులో మనస్తత్వ నిపుణు డొకడున్నాడనియు, మందులతో పనిలేదనియు చెప్పిరి. గుమ్మముపై పెద్దబోర్డును చూచి ఇంటివారు నమ్మిరి. ఆ మనుష్యుడు వారమువారము రుసుము గైకొని మాత్రలను పాఱవేయుమనెను. రెండు నెలలు గడచునప్పటికి వ్యాధి ముదిరెను. ఒకనాటి రాత్రి మేనమామ ఎవరికిని చెప్పక ఇల్లు విడిచి పోయెను. తెల్లవాఱుజామున నయాపూల్ వంతెనచెంత ఒంటరిగా కూర్చుండియుండగా తెలిసినవా రొకరు గుర్తించి ఇంటికి చేర్చిరి.

“అమ్మా, ఆ బోర్డు వ్రాయించుకొనుటకు ఆయన కెవరు అనుమతి యిచ్చిరి?” అని బాలిక తల్లి నడిగెను.

“మేము అడుగలేదు బిడ్డా. అడుగవలెనని మాకు తెలియదు” అని తల్లి కన్నుల నొత్తుకొనెను.

ఆ ప్రశ్న బాలికను విడువలేదు. దేహమునకు గాయమైనచో అందఱును చూడగలరు. కట్టుకట్టినవాని నేర్పును గాయము మానుటను బట్టి తెలిసికొనవచ్చును. మనస్సునకు తగిలిన గాయము కంటికి కనబడదు. అట్టిచోట నిజముగా తెలిసినవానిని, తెలిసినట్లు నటించువానిని వేఱుచేయుట యెట్లు? మనస్సునకు చికిత్స చేయుటకు ఏమి చదువవలెను? ఎవరు అనుమతింపవలెను? ఈ సంగతులు తెలిసికొనవలెనని ఆమె సెలవుదినములలో షాలిబండ, చార్మినారు, మదీనా దాటి, మూసీకి ఆవలనున్న అఫ్జల్‌గంజ్ గ్రంథాలయమునకు పోవ నారంభించెను. 1891లో ఆసఫియా గ్రంథాలయముగా స్థాపింపబడిన ఆ గ్రంథాలయమే నేడు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము.

పుస్తకములు చదివిన కొలది ఈ శాస్త్రము వయస్సులో చిన్నదని ఆమెకు తెలిసెను. మనస్సును గుఱించిన విచారణ మనదేశమున ప్రాచీనమైనదే. కాని దానిని ప్రయోగములతో పరిశీలించు పద్ధతి 1879లో జర్మనీదేశపు లైప్జిగ్ నగరమున విల్‌హెల్మ్ వుంట్ నెలకొల్పిన ప్రయోగశాలతో వ్యాప్తి గాంచెను. 1896లో అమెరికాయందలి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున లైట్నర్ విట్మర్ అను నాచార్యుడు మనస్తత్వ చికిత్సాలయమును తెఱచెను. అచ్చటికి మొదట వచ్చినది పిచ్చివాడు కాదు. మాటలలోని అక్షరములను సరిగా కూర్చి వ్రాయలేని యొక బాలుడు. ఆ బాలుని మందబుద్ధి యని తోసివేయక, ఇబ్బంది యెచ్చట నున్నదో వెదకుటయే ఆ చికిత్సాలయము పనియయ్యెను. 1905లో ఫ్రాన్సుదేశమున ఆల్ఫ్రెడ్ బినె, తియోడోర్ సిమోన్ అనువారు పిల్లల బుద్ధిశక్తిని కొలుచు పరీక్షను సిద్ధపఱచిరి.

మనదేశమున కలకత్తా విశ్వవిద్యాలయమున 1916లో మనస్తత్వశాస్త్రమునకు ప్రత్యేకశాఖ యేర్పడెను. విదేశములలో తయారైన పరీక్షలు మన పిల్లలకు సరిపడవు. చదువురాని పిల్లవానిని వ్రాతపరీక్షతో కొలుచుట న్యాయము కాదు. ఈ లోపమును గుర్తించి సి. ఎం. భాటియా 1955లో అయిదు చేతిపనుల పరీక్షలు గల యొక సముదాయమును వెలువరించెను. రంగుల చెక్కలను నమూనా ప్రకారము పేర్చుట, తెగిన బొమ్మ ముక్కలను కూర్చుట వంటివి అందున్నవి. తెలుగుదేశమున 1967లో ఆంధ్రవిశ్వవిద్యాలయమున ఆచార్య కోనేరు రామకృష్ణారావు మనస్తత్వశాస్త్ర శాఖను నెలకొల్పెను.

చికిత్స నేర్పు చదువునకు మాత్రము బెంగుళూరు పుట్టినిల్లు. 1954లో అచ్చట అఖిలభారత మానసికారోగ్య సంస్థ ప్రారంభమై, మరుసటి సంవత్సరము మనస్తత్వవేత్తలకు శిక్షణ నీయసాగెను. 1974లో అదియే పెరిగి నిమ్హాన్స్ అను పేరుతో ప్రసిద్ధి కెక్కెను.

ఇంతవఱకు తెలిసికొన్న పిమ్మట బాలిక తన అసలు ప్రశ్నకు వచ్చెను. బోర్డు పెట్టుటకు అనుమతి నిచ్చువా రెవరు? దానికి సమాధానము 1992వ సంవత్సరపు చట్టములో దొరికెను. ఆ యేట పార్లమెంటు ‘రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా’ చట్టమును చేసెను. దీనిని మనము భారత పునరావాస మండలి యనవచ్చును. ఏయే విద్యాలయములు శిక్షణ నిచ్చుటకు తగినవో ఈ మండలి నిర్ణయించును. శిక్షణ ముగించినవారి పేర్లను కేంద్ర పునరావాస పట్టిక యను దానియందు నమోదు చేసి, ప్రతివానికి ఒక సంఖ్య నిచ్చును. క్లినికల్ సైకాలజిస్టు, అనగా చికిత్సా మనస్తత్వవేత్త, ఈ పట్టికలో చేరవలసినవాడు. ఇతరదేశములలో లైసెన్సు అనబడునది మనదేశమున ఈ నమోదే. పట్టికలో పేరు లేక ఈ వృత్తి చేయువానికి ఒక సంవత్సరము వఱకు చెఱసాల గాని, వేయిరూపాయల వఱకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చునని చట్టము చెప్పుచున్నది. 2017లో వచ్చిన మానసికారోగ్య సంరక్షణ చట్టము సయితము చికిత్సా మనస్తత్వవేత్త యనగా మండలి యంగీకరించిన చదువు చదివినవాడే యని నిర్వచించెను.

ఇక ఆ చదువు ఎట్టిది? చాలమంది మానసిక వైద్యుని, మనస్తత్వవేత్తను ఒక్కటిగా భావింతురు. వారు వేఱు. మానసిక వైద్యుడు మొదట ఎం.బి.బి.యస్. చదివి, ఆ పైన మూడేండ్లు మానసిక వ్యాధులను గుఱించి ప్రత్యేకముగా చదువును. మందులు వ్రాయు నధికారము ఆయనకు గలదు. చికిత్సా మనస్తత్వవేత్త మందులు వ్రాయడు. పరీక్షలద్వారా రోగి స్థితిని కొలిచి, సంభాషణద్వారాను, అభ్యాసములద్వారాను చికిత్స చేయును. ఇరువురును కలిసి పనిచేసినప్పుడే రోగికి మేలు.

ఈ వృత్తిని కోరువారు ఇంటర్మీడియట్ తరువాత పట్టము పొంది, మనస్తత్వశాస్త్రమున రెండేండ్ల ఎం.ఏ. గాని ఎం.ఎస్సీ. గాని ముగింపవలెను. చాలమంది దీనితో పని ముగిసినదనుకొందురు. కాని చికిత్సకు ఇది చాలదు. దానిపై, మండలి యంగీకరించిన సంస్థలో, రోగులనడుమ, పెద్దల పర్యవేక్షణలో రెండేండ్లు పూర్తికాలము పనిచేసి, చికిత్సా మనస్తత్వశాస్త్రమున ఎం.ఫిల్. పట్టము పొందవలెను. ఇదియే చిరకాలముగా నున్న రాజమార్గము. సికింద్రాబాదునందలి స్వీకార్ సంస్థయందును, బెంగుళూరు నిమ్హాన్స్‌నందును, రాంచీ నగరపు కేంద్ర మనోరోగ చికిత్సా సంస్థయందును ఈ శిక్షణ జరుగుచు వచ్చెను.

ఇటీవల ఈ మార్గమున మార్పు వచ్చెను. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2022లో అన్ని శాస్త్రములందును ఎం.ఫిల్. పట్టమును రద్దు చేసెను. మనోరోగుల అవసరమును తలచి, చికిత్సా మనస్తత్వశాస్త్రమునకు 2025–26 విద్యాసంవత్సరము వఱకు ప్రవేశములకు గడువు నొసగెను. దానికి బదులుగా నాలుగేండ్ల ఆనర్సు పట్టము, దానిపై ఎం.ఏ. వంటి క్రొత్త పాఠ్యక్రమములను పునరావాస మండలి రూపొందించెను. కావున విద్యార్థి యెవ్వరైనను రుసుము కట్టుటకు ముందు, ఆ సంస్థకును, ఆ చదువునకును మండలి యంగీకార మున్నదో లేదో స్వయముగా విచారించుట మేలు.

బాలిక మేనమామకు మరల చికిత్స ప్రారంభమయ్యెను. మానసిక వైద్యుడు మందులను తిరిగి యిచ్చెను. అదే చికిత్సాలయమున ఒక చికిత్సా మనస్తత్వవేత్రి వారమున కొకసారి ఆయనతో మాటాడుచుండెను. ఒకనాడు మామతో వెళ్లిన బాలిక ఆమెను సమీపించి, “మేడమ్, పుస్తకములు చదివి పరీక్షలు వ్రాసిన పిమ్మట మఱల రెండేండ్ల శిక్షణ యెందులకు? మంచిమాట చెప్పుటకు అంత కాలము కావలెనా?” అని అడిగెను.

ఆమె నవ్వి, “మంచిమాట అందఱును చెప్పవచ్చునమ్మా. ఎప్పుడు చెప్పరాదో తెలియుటకే శిక్షణ. ఒక స్త్రీ దిగులుతో, అలసటతో వచ్చినదనుకొనుము. థైరాయిడ్ గ్రంథి చక్కగా పనిచేయకపోయినను మనిషి అట్లే యుండును. ఆమెను రక్తపరీక్షకు పంపక మాటలతో నయముచేయబూనినచో ఏమగును? పిలిచిన పలుకని పిల్లవాడు మొండివాడే కానక్కఱలేదు. చెవి వినబడనివాడు కావచ్చును. ఇట్టివానిని నేను మొదట పొరబడితిని. పొరపాటు రోగికి హాని చేయకముందే నా గురువులు సరిదిద్దిరి. ఒంటరిగా కూర్చున్నచో ఎవరు సరిదిద్దుదురు?” అనెను.

“మా మామకు మీరేమి చేయుచున్నారు?”

“ఆయన చెప్పుకొన్న సంగతులు నీకును చెప్పరాదు. అది ఆయన హక్కు. చట్టమును అదే చెప్పుచున్నది. పద్ధతి మాత్రము చెప్పెదను. కుంగిపోయిన మనిషి, ‘మనస్సు బాగుపడిన పిదప లేచెదను’ అనుకొనును. మేము ఆ వరుసను మార్చుదుము. మొదట చిన్నపని, తరువాత కొంచెము పెద్దపని చేయింతుము. తనకు వచ్చు తలంపులను కాగితముపై పెట్టించి, అవి యెంతవఱకు నిజమో ఆయనచేతనే పరిశీలింపజేయుదుము. 1960 ప్రాంతమున ఆరన్ బెక్ అను అమెరికా వైద్యుడు ఈ మార్గమును చూపెను. కాని రోగి భాష రానిదే ఏ మార్గమును సాగదు. మీ పాతబస్తీలో తెలుగుతోపాటు ఉర్దూ కూడ కావలెను. నీకు రెండును వచ్చును గదా!”

ఆ కడపటి మాట బాలికకు పట్టము దొరికినంత సంతోషమును గలిగించెను. వీథిలో ఆడుకొనుచు నేర్చిన భాష ఒక చికిత్సకు పనిముట్టు కాగలదని ఆమె అంతవఱకు తలంపలేదు.

మామ వైద్యుడు చెప్పినట్లు మొదట వాకిటివఱకు నడచెను. పిదప సందు చివరవఱకు. తరువాత షాలిబండ గడియారస్తంభమువఱకు. కొన్ని నెలలకు దుకాణమున మరల లెక్కల పుస్తకము తెఱచెను. ఆ యేటి బోనాలకు తల్లి అమ్మవారికి మ్రొక్కు చెల్లించెను; మాత్రల డబ్బీని సయితము మఱువలేదు. మ్రొక్కు మనస్సునకు ధైర్య మొసగును. అది చికిత్సకు అడ్డము కాదు. చికిత్సను మానుటకు కారణమును కారాదు.

నిమ్హాన్స్ సంస్థ 2015–16లో జరిపిన జాతీయ మానసికారోగ్య పరిశీలన ప్రకారము, దేశమున సుమారు 15 కోట్లమందికి మానసిక చికిత్స యవసరము. వారిలో అధికసంఖ్యాకులకు అది యందుటలేదు. శిక్షితులు తక్కువ, సిగ్గుచే దాచుకొనువారు ఎక్కువ. ఈ రెంటినడుమ నున్న ఖాళీలోనే అర్హతలేని బోర్డులు మొలచును. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యతో ఫోను చేసి, దిగులు గలవారు ఏ వేళనైనను తెలుగులో మాటాడవచ్చును.

ఇంటర్మీడియట్ ముగించి బాలిక డిగ్రీలో మనస్తత్వశాస్త్రమును ఎన్నుకొనెను. దరఖాస్తు నింపుచుండగా మామ ప్రక్కన కూర్చుండి వ్రేళ్లపై లెక్కించి, “పట్టము, దానిపై ఎం.ఏ., దానిపై శిక్షణ. అన్నియు కలిపి ఏడెనిమి దేండ్లు పట్టును గదమ్మా! అంత ఓపిక కలదా?” అనెను.

“నీవు వాకిటినుండి షాలిబండ చేరుటకు ఎన్ని నెలలు పట్టినది మామా?” అని ఆమె బదులు పలికెను.

మామ మాటాడక కలమును ఆమె చేతి కందించెను.

చదువు ముగియుటకు ముందే ఆమె తన పేటలో ఒక పని సాధించెను. మనస్సు బాగులేనివారిని ఎవరివద్దకు కొనిపోవలెనని ఇరుగుపొరుగువారు అడిగినప్పుడెల్ల, “ముందు ఆయన నమోదుసంఖ్య అడుగుడు, అది మండలి పట్టికలో నున్నదో లేదో అంతర్జాలమున చూడుడు” అని చెప్పుచుండెను. నిజముగా చదివినవాడు ఆ ప్రశ్నకు కోపింపడు. తన పేరు పట్టికలో చేరుటకు ఎన్ని యేండ్లు పట్టినదో అతడెఱుగును గనుక, సంతోషముతోనే చెప్పును.