దానియేలు పది దినములు, పల్లె బిడ్డల పదిహేనేండ్లు

దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము మన సండేస్కూలు పిల్లలు కూడా చెప్పగలరు. రాజు భోజనము వద్దని నలుగురు యౌవనులు శాకధాన్యములు, మంచినీళ్లు అడిగిన కథ అది. ఆ భాగము మీద మేము చాలాసార్లు ప్రసంగించాము. ఎప్పుడును వారి విశ్వాసమును గూర్చియే చెప్పాము. అయితే దానియేలు ఆ అధికారిని ఊరక నమ్మమని అడుగలేదు. పది దినములు పెట్టి చూడమని, ఆ తరువాత రాజు భోజనము తినేవారి పక్కన తమను నిలువబెట్టి చూడమని కోరాడు. పెట్టిన భోజనము పనిచేసినదా లేదా తెలిసికొనుటకు ఇంతకంటె సూటియైన పద్ధతి లేదు.

మా ఊరి అంగన్‌వాడీ విషయములో మేము ఆ పని చేయలేదు. రెండేండ్ల క్రితము తల్లీబిడ్డల ఆహార పథకము ఎట్లున్నదో కనుగొనుటకు ఒక బృందము వచ్చినది. ఊరి పెద్దలను అడిగారు, సంఘకాపరినని మమ్మును కూడా అడిగారు. గుడ్లు వస్తున్నవా, పాలు వస్తున్నవా, పిండి ఇస్తున్నారా? అన్నీ వస్తున్నవని చెప్పి సంతకము పెట్టాము. అబద్ధము కాదు, నిజముగానే వస్తున్నవి. మూడు నెలలు తిరగక ముందే మన సంఘములోని ఒక ఇంట ఆడబిడ్డ పుట్టినది. తూకము 1 కిలో 900 గ్రాములు. పుట్టిన బిడ్డ రెండున్నర కిలోలైనా ఉండవలెనని డాక్టర్లు అంటారు.

ప్రార్థన చేయుటకు ఆ ఇంటికి వెళ్లాము. "గుడ్లు తిన్నావా అమ్మా?" అని తల్లిని అడిగితే ఆమె తల దించుకొన్నది. అత్తగారే జవాబు చెప్పింది: "తెచ్చేదండీ అయ్యగారూ, నెలకు సరిపడా తెచ్చేది. పెద్దోడు బడికి పోతాడు గదా, వాడికి ఒకటి పెట్టేవోళ్లం. మా ఆయనకి ఒంట్లో బాగోదు, ఆయనకొకటి. దీనికీ పెట్టేవోళ్లం, మిగిలినప్పుడు." ఆమె మాటలో దుష్టత్వము లేదు. మన పల్లె ఇండ్లలో అన్నము వడ్డించే వరుస అదే. ఆఖరుగా తినేది కోడలు. రిజిస్టరులో మాత్రము ఆ గుడ్లన్నియు గర్భిణి తిన్నట్టే ఉన్నవి. మా సంతకము కింద కూడా అంతే.

ఆ తరువాతనే, ఇటువంటి పథకములను నిజముగా పరీక్షించినవారు ఎవరైనా ఉన్నారా అని చదువుట మొదలుపెట్టాము. చూడగా ఆ పని మన తెలుగు పల్లెల్లోనే జరిగినది. అంగన్‌వాడీల పథకము, అనగా సమగ్ర శిశు అభివృద్ధి సేవలు, 1975 అక్టోబరు 2న దేశములో 33 చోట్ల ఆరంభమైనది. అన్ని ఊళ్లకు ఒకేసారి రాలేదు, మెల్లమెల్లగా పాకినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు దీనినే అవకాశముగా తీసికొన్నారు. 1987 నుండి 1990 వరకు, నగరము దగ్గర పథకము వచ్చిన 15 గ్రామములను, పక్కనే ఇంకా రాని 14 గ్రామములను ఎంచుకొన్నారు. మొదటి గ్రామములలో మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా వండి పెట్టారు. గర్భిణులకు, బాలింతలకు రోజుకు సుమారు 500 కేలరీలు, ఆరేండ్ల లోపు పిల్లలకు సుమారు 300 కేలరీలు అందేటట్లు చూచారు. రాజు భోజనము కాదు, ఉప్మా!

అసలు సంగతి ఆ తరువాత ఉన్నది. 2003 నుండి 2005 వరకు పరిశోధకులు మళ్లీ అవే ఊళ్లకు వెళ్లారు. కడుపులో ఉన్నప్పుడు, పసితనములో ఆ ఉప్మా అందిన బిడ్డలకు అప్పటికి 13 నుండి 18 ఏండ్లు వచ్చినవి. రెండు వైపులా కలిపి 1165 మందిని కొలిచారు. ఆహారము అందిన ఊళ్ల పిల్లలు రెండవ వైపు వారికంటె సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. ఒక వ్రేలి వెడల్పంత కూడా లేదే అనవచ్చు. అయితే లోపల ఇంకొకటి కనబడినది. వారి రక్తనాళములు అంతగా బిరుసెక్కలేదు, ఇన్సులిన్ వారి శరీరములో మెరుగుగా పనిచేస్తున్నది. ముందుముందు గుండెజబ్బును, షుగరును దూరముగా ఉంచేవి ఇవే. తల్లి తిన్న ఉప్మా పదిహేనేండ్లకు బిడ్డ రక్తనాళములలో కనబడినదన్నమాట.

దీనిని ఎక్కువ చేసి చెప్పకూడదు. ఏ ఊరికి ఆహారము, ఏ ఊరికి లేదు అన్నది చీట్లు వేసి నిర్ణయించినది కాదు. టీకాలవంటి ఇతర సేవలు కూడా ఉప్మాతో పాటు ఆ ఊళ్లకే ముందుగా వచ్చినవి. కాబట్టి మేలంతా ఉప్మాదే అనలేము. ఆ పరిశోధకులును ఈ జాగ్రత్త చెప్పియే ఫలితములను 2008లో ప్రకటించారు.

మరి ఇంత మేలు చేయగల పథకము ఊరూరా ఉండగా లెక్కలు ఎందుకు అంతంత మాత్రముగా ఉన్నవి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఐదేండ్ల లోపు పిల్లల్లో వయస్సుకు తగిన ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 2015-16లో నూటికి 31 మంది, 2019-21లోను 31 మందే. తెలంగాణలో 28 ఉన్నవారు 33 అయ్యారు. రక్తహీనత ఉన్న స్త్రీలు రెండు రాష్ట్రములలోను నూటికి 57 మందికి తక్కువ లేరు. ఆదివారము ఆరాధనలో స్త్రీల వైపు చూచి లెక్కపెట్టుకొనండి. ఇద్దరిలో ఒకరికంటె ఎక్కువ.

మా మట్టుకు మాకు తోచిన కారణము ఆ అత్తగారి మాటలోనే ఉన్నది. మనము సరుకును లెక్కపెట్టుచున్నాము, నోటిని లెక్కపెట్టడము లేదు. ఇంటికి ఇచ్చిన సరుకు ఇంటిల్లిపాదికి పంచబడుతుంది. బాలామృతము పొడి గేదె కుడితిలో కలిసిన ఇల్లు కూడా మాకు తెలుసు (పేరు చెప్పము, వారు ఈ పత్రిక చదువుతారు). తెలంగాణలో 2015 జనవరి 1న ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి పథకములో గర్భిణిని, బాలింతను కేంద్రములోనే కూర్చుండబెట్టి అన్నము, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టుట ఈ చిక్కుకు మందుగానే. కాని పొద్దున్నే మిరపకోతలకు పోయిన స్త్రీ మధ్యాహ్నము వచ్చి ఎట్లా కూర్చుంటుంది? అర పూట కూలి పోతుంది. దీనికి మా దగ్గర తేలికైన జవాబు లేదు.

రెండవ కారణము వయస్సు. కేంద్రములో కనబడేవారు మూడేండ్లు దాటి, ఆటపాటలకు వచ్చిన పిల్లలు. ఎదుగుదల తప్పిపోయేది ఎక్కువగా రెండేండ్ల లోపు, ఇంట్లో చంకలో ఉన్నప్పుడు. తమిళనాడులో 1980లో మొదలుపెట్టిన ఒక పథకములో ఆరు నెలల నుండి మూడేండ్ల లోపు పిల్లలను ప్రతి నెలా తూచి, తూకము పెరగని బిడ్డకే 90 దినములు ప్రత్యేకముగా ఆహారము పెట్టారు. అక్కడ తూకము పళ్లెమే ముందు, గరిటె తరువాత.

ఇట్లా అడుగుట టీచరమ్మల మీద తప్పులు వెదకుటయని కొందరు సంఘపెద్దలు మాతో అన్నారు. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయము వారికి గుర్తు చేశాము. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టినప్పుడు అపొస్తలులు కోపపడలేదు, ఏడుగురిని ఏర్పరచారు. పైగా 2013 ఆహార భద్రతా చట్టము ప్రకారము గర్భిణికి, ప్రసవమైన ఆరు నెలల వరకు బాలింతకు, ఆరు నెలల నుండి ఆరేండ్ల బిడ్డకు అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనము హక్కు. ఎవరో దయతలచి వేసే భిక్ష కాదు. మన టీచరమ్మ ఒక్కతే వండాలి, తూచాలి, ఫోనులో ఎక్కించాలి. తోడు వచ్చేవారు ఉంటే ఆమెకే మేలు.

గనుక మా స్త్రీల సమాజము వారు ఇప్పుడు నెలకొకసారి, టీకాల దినమున, ఇద్దరిద్దరుగా కేంద్రమునకు వెళ్లుచున్నారు. ప్రసంగము చేయరు. రెండేండ్ల లోపు బిడ్డ ఉన్న తల్లిని ఇంటి దగ్గర నుండి తోడుకొని వస్తారు, తూకము కార్డు మీద వేయించి గీత పైకి పోయినదా కిందికి వచ్చినదా చూస్తారు. గర్భిణుల అత్తగార్లను కూడా పిలుస్తారు. మొదటి నెల ఒక్క అత్తగారే వచ్చింది, అదియు గుడ్ల అత్తగారు. ఇప్పుడు ఐదారుగురు వస్తున్నారు. కోడలి గుడ్డు కోడలే అక్కడే తిని రావలెనని ఆమెయే మిగిలినవారితో వాదించుట మేము విన్నాము.

ఆ ఆడబిడ్డకు తొమ్మిది నెలలు నిండినప్పుడు 6 కిలోల 300 గ్రాములు తూగినది. కార్డులో చుక్క ఇంకా పసుపురంగులోనే పడినది, పచ్చలోకి రాలేదు. ఆ దినము కార్డు నానమ్మ చేతిలోనే ఉన్నది. "వచ్చే నెల ఎన్ని గ్రాములు రావాలండీ అయ్యగారూ?" అని ఆమె మమ్మును అడిగింది.